ముడి మీద జిగురు చుక్క

పెళ్లికి మూడు ముళ్లు చాలు. ఓడ బొమ్మకు మూడు వేలు కూడా చాలకపోవచ్చు!

తెరచాపలతో నడిచిన పాతకాలపు ఓడలను చెక్కముక్కలతో, దారాలతో అచ్చుగుద్దినట్టు బుల్లి సైజులో తయారుచేయడం యూరప్, అమెరికాల్లో చాలామందికి హాబీ. రాత్రి భోజనాలయ్యాక టేబుల్ లైటు కిందకు చేరి, కళ్లజోడు సవరించుకుని, సన్నటి పట్టకారు చేతబట్టి కూర్చుంటారు. ఒక్కో ఓడకు రెండేళ్లు, మూడేళ్లు... ఒక్కోసారి పదేళ్లు. ఓడ అడుగు, పక్కలు, ఫిరంగులు, లంగరు అన్నీ అమరాక చివరికి మిగిలేది తాళ్ల పని. దాన్నే రిగ్గింగ్ అంటారు. ఓపికకు అసలు పరీక్ష అక్కడే. ఏళ్ల తరబడి తెగని తగవొకటి ఉన్నదీ అక్కడే. వేసిన ముడి మీద జిగురు చుక్క పెట్టాలా, వద్దా? పెడితే ఏ జిగురు?

'ఓస్, ఇంతేనా!' అనిపిస్తుంది. కానీ తాత కట్టిన ఓడ మనవడి చేతికి వచ్చేనాటికి ఎలా ఉంటుందన్నది చాలావరకు ఆ చుక్క మీదే ఆధారపడి ఉంటుంది.

నలభై రెండు కిలోమీటర్ల తాడు

ఓడ బొమ్మలు చేసేవాళ్లలో ఎక్కువమంది ఎప్పటికైనా కట్టాలని కలలు కనే ఓడ 'హెచ్ఎంఎస్ విక్టరీ'. 1765లో నీళ్లలోకి దిగిందది. 1805 అక్టోబరు 21న ట్రఫాల్గర్ యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళాన్ని నడిపిన అడ్మిరల్ నెల్సన్ ఉన్నది దానిమీదే, తుపాకీ గుండు తగిలి కన్నుమూసిందీ దానిలోనే. ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్‌లో ఆ ఓడను ఇప్పటికీ కాపాడుకుంటున్నారు. దాని తాళ్లన్నీ ఒకదానికొకటి కలిపితే 26 మైళ్లని చెబుతారు. అంటే దాదాపు 42 కిలోమీటర్లు! విజయవాడ నుంచి గుంటూరు దాటి ఇంకా కాస్త ముందుకు వెళ్లిపోవచ్చు. దాన్ని 72లో ఒకవంతు సైజులో కడితే లెక్కప్రకారం 580 మీటర్ల దారం పడుతుంది. అన్ని తాళ్లూ ఎవరూ వెయ్యరు లెండి, కొన్నిటిని వదిలేస్తారు. అయినా పని పనే.

ఈ తాళ్లలో రెండు రకాలు. కొయ్యలు ఒరిగిపోకుండా పట్టి ఉంచేవి ఒక రకం. వాటిని ఒకసారి బిగిస్తే ఇక కదలవు. ఎండకూ ఉప్పునీటికీ పాడవకుండా పైన్ చెట్ల నుంచి తీసిన తారు పూసేవారు కాబట్టి నల్లగా ఉంటాయి. రెండో రకం తెరచాపలను ఎత్తడానికి, దించడానికి, గాలివాటం చూసి తిప్పడానికి. ఇవి లేత గోధుమరంగులో ఉంటాయి. బొమ్మ ఓడలో కూడా ఈ రెండు రంగులూ పాటించాల్సిందే.

కొయ్యకు రెండువైపులా ఓడ అంచుల దాకా దిగే లావుపాటి మోకులను ష్రౌడ్లు అంటారు. విక్టరీలో ఇవి మూడంగుళాలకు పైగా లావు. వాటికి అడ్డంగా పదమూడు పదిహేను అంగుళాలకు ఒకటి చొప్పున సన్నతాళ్లు కడతారు. వీటి పేరు రాట్లిన్లు. నావికులకు ఇదే నిచ్చెన. తుపానులో, చీకట్లో, ఉత్త కాళ్లతో అయినా వీటి మీదుగానే పైకెక్కేవారు. అడ్డతాడు ప్రతి మోకునూ దాటేచోట ఒక ముడి ఉంటుంది. తాడును రెండు చుట్లు తిప్పి, కొసను తన చుట్టు కిందనుంచే లాగే ఆ ముడి పేరు క్లోవ్ హిచ్. ఇప్పుడు లెక్కేసుకోండి. ఒకవైపు పది మోకులు, ముప్ఫై మెట్లు ఉన్నాయనుకుంటే 300 ముళ్లు. రెండువైపులా 600. మూడు కొయ్యలకు 1,800. కొయ్య పైభాగాలకు మళ్లీ వేరే నిచ్చెనలు! బొమ్మలో మెట్టుకూ మెట్టుకూ మధ్య దూరం ఎంతో తెలుసా... అయిదు మిల్లీమీటర్లు.

నిజం ఓడలో ఈ ముళ్లలో ఒక్కదానికీ జిగురు లేదు. మనిషి బరువును మోశాయి, తుపాన్లను తట్టుకున్నాయి. మరి దాన్నే చిన్నది చేసి కడితే ఎందుకు జారిపోతుంది?

సున్నాను ఎంతతో గుణించినా...

పశువుల పాకలో గుంజకు పలుపును రెండు చుట్లు తిప్పి కొస పట్టుకుంటే పదేళ్ల పిల్లాడు కూడా కోడెను ఆపగలడు. చుట్టు చుట్టుకూ తాడుకూ గుంజకూ మధ్య రాపిడి పెరుగుతుంది. పెరగడమంటే కూడుకుంటూ పోవడం కాదు, గుణించుకుంటూ పోవడం. 18వ శతాబ్దంలో స్విస్ గణితవేత్త ఆయిలర్ ఈ లెక్క తేల్చారు. రాపిడి ఓ మోస్తరుగా ఉంటే ఒక చుట్టుకు కొసను పట్టిన బలం ఆరున్నర రెట్లు పనిచేస్తుంది. రెండు చుట్లకు నలభై రెట్లు దాటుతుంది. మూడైతే 280 రెట్ల పైమాటే! తమాషా ఏమిటంటే ఈ లెక్కలో తాడు లావుతో పనిలేదు. మోకుకైనా దారానికైనా ఒకటే.

కిటుకంతా 'కొసను పట్టిన బలం' అన్న మాటలో ఉంది. నిజం ఓడలో తాడుకు బరువుంది. పైన బిగువుంది. గరుకైన నార ఒకదాన్నొకటి కరిచి పట్టుకుంటుంది. బొమ్మలోని దారానికి బరువే లేదు. పైగా అది వంచితే వంగినట్టే ఉండి, వదలగానే మళ్లీ తిన్నగా అవ్వాలని చూస్తుంది. అంటే కొసను పట్టుకున్నవాళ్లెవరూ లేరన్నమాట. సున్నాను ఆరున్నరతో గుణించినా, 280తో గుణించినా సున్నాయే కదా!

పూలమాల కట్టే ఆడవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. తడిపిన అరటినారతో కట్టిన దండ మర్నాటికి కూడా వదలదు. అదే నైలాన్ దారంతో కట్టి చూడండి, పూలు ఒక్కొక్కటే జారిపోతాయి. నారలోని గరుకుదనం, తడి చేసే పనిని నున్నటి దారం చెయ్యలేదు. ఓడ బొమ్మలకు వాడే పాలియెస్టర్ దారంతోనూ అదే తంటా. నూలు, అవిసెనార దారాలు కాస్త నయం. కానీ వాటికి వేరే రోగం... గాల్లో తేమ పెరిగితే బిగుస్తాయి, తగ్గితే వదులవుతాయి. ఏడాదిలో కాలం మారినప్పుడల్లా ముడి కొంచెం కొంచెంగా కదులుతూనే ఉంటుంది.

ఇంకో సంగతి. బావి గట్టున కొక్కేనికి తగిలించిన చేంతాడును గుర్తు తెచ్చుకోండి. చుట్టలు చుట్టలుగా ఎంత బరువుగా వేలాడుతుందో! ఓడ మీద తెరచాప తాళ్ల మిగులును కూడా అలాగే చుట్టి మేకులకు తగిలిస్తారు. బొమ్మలో అదే చుట్టను తగిలిస్తే కిందకు వేలాడదు. కోడిపిల్ల ఈకల్లా పైకి లేచి నిలబడుతుంది. బరువు లేని తాడుకు బరువున్నట్టు కనిపించడం నేర్పాలి. కాబట్టి జిగురు వద్దంటే కుదరదు. 'అసలు సిసలు ఓడలో లేదు గనక బొమ్మలోనూ ఉండకూడదు' అని పట్టుబట్టేవాళ్లు ఉన్నారు గానీ, వాళ్లది మరీ మడి.

క్షణంలో అతికేది

అందుకే చాలామంది చెయ్యి మొదట వెళ్లేది సూపర్ గ్లూ వైపు. మన కిరాణా కొట్లలో ఫెవిక్విక్ లాంటి పేర్లతో చిన్న ట్యూబుల్లో దొరికే రకమే. దాని అసలు పేరు సయనోయాక్రిలేట్. 1942లో అమెరికాలోని ఈస్ట్‌మన్ కొడాక్ కంపెనీలో హ్యారీ కూవర్ బృందం తుపాకుల గురి చూసే అద్దాల కోసం పారదర్శకమైన ప్లాస్టిక్‌ను వెదుకుతుంటే ఇది తగిలింది. ముట్టుకున్నదానికల్లా అతుక్కుపోతోందని విసుక్కుని పక్కన పెట్టేశారు! 1951లో మళ్లీ అదే పదార్థాన్ని పరీక్షిస్తుంటే ఖరీదైన పరికరంలోని రెండు గాజు పట్టకాలు అతుక్కుని ఊడిరాలేదు. అప్పుడు గానీ దాని విలువ తెలియలేదు. 1958లో 'ఈస్ట్‌మన్ 910' పేరుతో బజారుకొచ్చింది.

ఇది ఆరి గట్టిపడే జిగురు కాదు. వస్తువుల పైన, గాల్లో ఉండే కాస్త తేమ తగలగానే దీని అణువులు గొలుసులు గొలుసులుగా కలిసిపోతాయి. అందుకే అంత వేగం. 1,800 ముళ్లు వెయ్యాల్సినవాడికి ఆ వేగం వరంలా కనిపిస్తుంది. ముడి వేశాడు, చుక్క పెట్టాడు, పది సెకన్లలో తోక కత్తిరించాడు, పక్క ముడికి వెళ్లాడు.

ఇబ్బంది తర్వాత మొదలవుతుంది. పల్చటి సూపర్ గ్లూ ముడి దగ్గర ఆగదు. దీపంలో వత్తి నూనె పీల్చినట్టు దారం దాన్ని అటూ ఇటూ పీల్చేసుకుంటుంది. పీల్చినంత మేరా దారం పుల్లలా గట్టిపడుతుంది. రంగు ముదిరి నీళ్లు పడ్డ మరకలా కనిపిస్తుంది. ఎండాక మెరుస్తుంది. చుట్టుపక్కల పిండి చల్లినట్టు తెల్లటి పొర పేరుకోవడం మరొకటి. జిగురు ఆవిరి గాల్లోనే గట్టిపడి వాలడం వల్ల వచ్చేది అది. నల్లటి దారం మీద ఆ తెలుపు కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం... గట్టిపడిన భాగం, మెత్తటి దారం కలిసేచోట దారం పెళుసుగా తయారవుతుంది. దుమ్ము దులిపేటప్పుడు కుంచె తగిలినా చాలు, సరిగ్గా ముడి పక్కనే తెగుతుంది.

తెగిన తర్వాతే అసలు బాధ. పాత ముడిని విప్పాలంటే అసిటోన్ కావాలి, అంటే నెయిల్‌పాలిష్ తుడిచే మందు. అది జిగురునే కాదు, ఓడ మీది రంగునూ వార్నిష్‌నూ కూడా కరిగిస్తుంది. అసిటోన్ వద్దనుకుంటే బ్లేడుతో కోయాలి. ఒక ముడిని బాగుచేయబోయి నాలుగు పాడుచేసుకోవడమే.

ఇంట్లో పిల్లలున్నవాళ్లు ఇంకో విషయం తెలుసుకోవాలి. సూపర్ గ్లూ ఎక్కువ మొత్తంలో నూలు మీద, దూది మీద పడితే ఉన్నట్టుండి వేడి పుడుతుంది. చర్మం బొబ్బలెక్కేంత వేడి! అందుకే ఒలికిన జిగురును కాటన్ గుడ్డతో తుడవకూడదు, కాటన్ గ్లోవ్స్ తొడుక్కుని వాడకూడదు. వేళ్లు అతుక్కుంటే బలవంతంగా లాగొద్దు. గోరువెచ్చటి సబ్బునీళ్లలో నానబెట్టి మెల్లగా దొర్లించినట్టు విడదీయాలి. కంట్లో పడితే మాత్రం సొంత వైద్యం పనికిరాదు, డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిందే.

తెల్లజిగురు చేతివాటం

రెండో దారి తెల్లజిగురు. స్కూలు ప్రాజెక్టుల పుణ్యమా అని ప్రతి ఇంట్లోనూ ఉండేదే. పాలీవినైల్ అసిటేట్ అనే పదార్థాన్ని 1912లో జర్మనీకి చెందిన ఫ్రిట్జ్ క్లాట్టె కనిపెట్టారు. మనదేశంలో 1959లో వచ్చిన ఫెవికాల్ ఈ జాతిదే. కార్పెంటర్లు ఇంకా ఎముకలూ తోళ్లూ ఉడికించి చేసిన వజ్రం కాచుకుంటున్న రోజుల్లో కాచే పని లేకుండా వాడుకోగలిగిన జిగురు ఇది.

ముడికి దీన్ని సీసాలోంచి ఉన్నదున్నట్టు పెడితే బొట్టు నిలబడుతుంది. 72లో ఒకవంతు ఓడ మీద అర మిల్లీమీటరు బొట్టు అంటే నిజం ఓడ మీద 36 మిల్లీమీటర్ల ముద్ద. ప్రతి ముడికీ ఒక నిమ్మకాయ కట్టినట్టుంటుంది! కాబట్టి జిగురుకు సమానంగా నీళ్లు కలుపుతారు. సూది మొనతోనో, సన్నటి కుంచెతోనో ముడికి తగిలిస్తే చాలు, లోపలికి ఇంకుతుంది. పైన మిగిలినదాన్ని వెంటనే టిష్యూ కాగితం మూలతో అద్ది తీసేయాలి. ఈ అద్దడం దగ్గరే చెయ్యి తిరిగినవాడికీ కొత్తవాడికీ తేడా తెలిసిపోతుంది. అద్దకుండా వదిలేస్తే అదీ మెరుస్తుంది.

ఒక్కో ముడికీ వెంటవెంటనే పెట్టుకుంటూ పోకూడదు. అయిదారు వరుసలు కట్టి, దూరం జరిగి చూడాలి. చాలామంది చేసే పొరపాటు దారాన్ని బిగలాగడం. ఒక్కో అడ్డతాడు వెంట్రుకవాసి బిగిసినా, పది వరుసలయ్యేసరికి నిచ్చెన నడుము లోపలికి పోయి డమరుకంలా తయారవుతుంది. ముళ్లు ఇంకా తడవకపోతే దాన్ని సర్దుకోవచ్చు. వెనకాల అయిదేసి మిల్లీమీటర్లకు గీతలు గీసిన అట్టముక్క పెట్టుకుంటే వరుస తప్పదు. అంతా తిన్నగా ఉందనుకున్నాకే జిగురు. అదీ అన్నిటికీ అక్కర్లేదు. వరుసకు రెండు చివర్లా ఉన్న ముళ్లకు పెడితే మధ్యవాటిని అవే పట్టుకుంటాయి. ఇందాకటి ఆయిలర్ లెక్క ప్రకారం కొసను పట్టుకునేవాడొకడు దొరికాడు కదా!

ఆరేదాకా ఆగాలి. పెట్టిన అరగంటకే తోక కత్తిరిస్తే ముడి నెమ్మదిగా విచ్చుకుంటుంది. రాత్రి పెట్టి తెల్లారి కత్తిరించడం మేలు. వానాకాలంలో ఇంకాస్త ఎక్కువే పడుతుంది. కత్తిరించడానికి ఖరీదైన పనిముట్లేమీ అక్కర్లేదు, పదునున్న నెయిల్ కట్టర్ చాలు.

చేంతాడు సంగతి కూడా దీంతోనే తేలుతుంది. దారాన్ని నీళ్ల జిగురులో తడిపి, రెండు గుండుసూదుల చుట్టూ తిప్పి, కిందకు లాగి ఆరనిస్తారు. ఆరాక తీసి మేకుకు తగిలిస్తే అచ్చం బరువుతో వేలాడుతున్నట్టే ఉంటుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. దారానికి నూగు లేవకుండా ముందు తేనెమైనం పట్టించడం ఓడ బొమ్మలవాళ్లకు పాత అలవాటు. మైనం పట్టిన దారంలోకి నీళ్ల జిగురు ఇంకదు. తామరాకు మీద నీటిబొట్టులా పైనే నిలబడుతుంది. 'తెల్లజిగురు పట్టడం లేదు' అని ఫిర్యాదు చేసేవాళ్లలో చాలామంది ముందు మైనం రుద్దినవాళ్లే. మైనం కావాలంటే బాగా పల్చగా పట్టించి, మిగిలినదాన్ని గోటితో లాగేయాలి. అంతకన్నా ముఖ్యం, ఏ దారానికి ఏ జిగురైనా ముందు ఒక తునక మీద పెట్టి రాత్రంతా ఉంచి చూసుకోవాలి. రంగు మారుతుందా, మెరుస్తుందా తెలిసిపోతుంది.

ఇక విప్పడం. మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను కుంచెతో ముడికి తగిలించి కొన్ని నిమిషాలు ఆగితే తెల్లజిగురు మెత్తబడుతుంది. సూదితో చుట్టు వదులు చేసి దారాన్ని లాగేయవచ్చు. మామూలు రకమైతే నీళ్లకు కూడా కొంత మెత్తబడుతుంది. నీటిని తట్టుకునేలా చేసిన రకాలు అంత తేలిగ్గా లొంగవు. పేరులో 'మెరైన్' అని ఉంది కదా అని ఓడ బొమ్మకు ఆ డబ్బా కొననక్కర్లేదు. ఈ ఓడ ఈదేదేమీ లేదు.

మూడోది లక్క. స్పిరిట్‌లో కరిగించిన లక్కను ముళ్లకు వాడేవాళ్లు విదేశాల్లో బాగానే ఉన్నారు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక బొమ్మలకు నిగారింపు తెచ్చే లక్క ఇదే. అక్కడ తిరిగే చెక్కకు ఒత్తిపట్టి రాపిడి వేడితో కరిగిస్తే, ఇక్కడ స్పిరిట్‌తో కరిగిస్తారు. దారానికి ఇట్టే ఇంకుతుంది, త్వరగా ఆరుతుంది. ముడి విప్పాలంటే ఇంకో చుక్క స్పిరిట్ చాలు. కొద్దిగా పసుపు ఛాయ వస్తుంది గానీ, తాడు రంగు దారం మీద అది తెలియదు. నల్లదారం మీద అయితే అసలే తెలియదు. ఇంత సులువైన దారి పక్కనే పెట్టుకుని మన హాబీ షాపుల్లో ట్యూబు జిగురు మాత్రమే చూపిస్తుంటారు!

ముందు పోయేవి తాళ్లే

విప్పడం గురించి ఇంత చర్చ ఎందుకంటే, ఓడ బొమ్మలో ముందుగా పాడయ్యేది తాళ్ల పనే. లండన్ శివారు గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైం మ్యూజియంలోనూ, అమెరికాలోని అనాపొలిస్ నేవల్ అకాడమీ మ్యూజియంలోనూ పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల నాటి ఓడ నమూనాలు ఉన్నాయి. మూడొందల ఏళ్లు దాటినా చెక్క చెక్కుచెదరనివి ఎన్నో. పాత ఓడ నమూనాల్లో మొదటి నాటి తాళ్లు మిగిలినవి మాత్రం తక్కువ. తర్వాతి తరాలవాళ్లు మళ్లీ కట్టినవే ఎక్కువ. నెపోలియన్ యుద్ధాల కాలంలో ఇంగ్లండులోని నార్మన్ క్రాస్ శిబిరంలో ఖైదీలుగా ఉన్న ఫ్రెంచివాళ్లు భోజనంలో మిగిలిన ఎముకలను చెక్కి అద్భుతమైన ఓడలు చేసి అమ్ముకునేవారు. వాటి ఎముకలకు ఏమీ కాలేదు. సన్నటి దారాలదే సమస్య.

అంటే ఓడ కట్టిన మనిషి పోయాక, ఎప్పుడో ఒకప్పుడు, ముఖపరిచయం కూడా లేని ఇంకో మనిషి ఆ ముడి దగ్గర కూర్చుంటాడు. మ్యూజియంలలో పాత వస్తువులను బాగుచేసేవాళ్లు అందుకే ఒక నియమం పాటిస్తారు. తాము చేసిన పనిని రేపు ఇంకొకరు వస్తువుకు నష్టం లేకుండా తీసేయగలిగేలా చెయ్యాలి. నిజానికి సూపర్ గ్లూ బజారుకొచ్చి ఇంకా డెబ్బై ఏళ్లు కూడా నిండలేదు. నూరేళ్ల తర్వాత అది ఎలా ఉంటుందో చూసినవాళ్లు లేరు. తెల్లజిగురు చరిత్ర కూడా అంత పెద్దదేమీ కాదు. కానీ దాన్ని తీసేయవచ్చు. తేడా అదే.

మన తీరంలో ఈ విద్య ఒకప్పుడు నిజం పడవల్లోనే ఉండేది. మసూలా పడవలని పేరు... మచిలీపట్నం పేరు మీదుగానే ఆ మాట వచ్చిందని కొందరంటారు. పలకలకు మేకులు కొట్టేవారు కాదు. అంచుల్లో బెజ్జాలు వేసి, కొబ్బరిపీచు తాళ్లతో కుట్టేవారు. కోరమాండల్ తీరంలో కెరటాలు విరుచుకుపడేచోట మేకుల పడవ ఇసుకకు కొట్టుకుంటే చిట్లిపోయేది. కుట్టుపడవ మాత్రం వంగి, సాగి, ఊరుకునేది. మద్రాసులో ఓడరేవు కట్టకముందు ఓడల్లోంచి మనుషులను, సామానును ఒడ్డుకు చేర్చింది ఇవే. కుట్టు పాతబడితే విప్పి, అవే పలకలను కొత్త తాడుతో మళ్లీ కుట్టేవారు. ఈ తీరపు పడవలను ఫ్రెంచి నౌకాదళ అధికారి ఒకరు కొలతలతో సహా గీసి పెట్టుకుని 1840ల్లో పుస్తకంలో వేశారు. ఫ్రాన్స్వా ఎడ్మండ్ పారిస్ అని ఆయన పేరు. తర్వాత పారిస్ నగరంలోనే నౌకా మ్యూజియం బాధ్యతలు చూస్తూ, తన గీతల ఆధారంగా దేశదేశాల బుల్లి పడవలు చేయించారు. ఇక, 2025 మేలో మన నౌకాదళంలో చేరిన 'కౌండిన్య' ఓడను కూడా ఇలా కొబ్బరితాళ్లతో కుట్టే కట్టారు. అజంతా గుహలోని బొమ్మ దానికి ఆధారం.

జిగురు తప్పించుకోలేని చోటు మాత్రం ఒకటుంది... సీసాలో ఓడ. అంత పెద్ద ఓడను అంత చిన్న మూతిలోంచి ఎలా దూర్చారా అని నోరెళ్లబెడతాం. దూర్చేటప్పుడు కొయ్యలు పడుకునే ఉంటాయి. వాటి అడుగున కీళ్లుంటాయి. తాళ్ల కొసలన్నీ ఓడ ముక్కున పొడుచుకొచ్చిన దూలంలోంచి సీసా బయటికి వేలాడుతుంటాయి. ఓడను లోపల కుదురుగా కూర్చోబెట్టాక ఆ కొసలను మెల్లగా లాగితే కొయ్యలన్నీ ఒక్కసారిగా లేచి నిలబడతాయి. సీసా లోపల ముడి వెయ్యడం కష్టం. పొడవాటి తీగ చివర జిగురు చుక్క పట్టుకుని దారాలు దూలాన్ని దాటేచోట అంటించి, ఆరాక మిగిలిన కొసలను సన్నటి బ్లేడుతో కోసేస్తారు. ఆ చుక్క వదిలిందా, కొయ్యలన్నీ మళ్లీ పడుకుంటాయి. ఇక్కడ విప్పే మాట ఎవరూ ఎత్తరు.

తెల్లజిగురు కూడా మరీ అమాయకురాలేం కాదు. అందులోంచి, కొన్ని రకాల చెక్కల్లోంచి కూడా, వెనిగర్‌లో ఉండే ఆమ్లమే ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ఆవిరవుతూ ఉంటుంది. గాలి చొరబడని గాజుపెట్టెలో ఓడను బిగిస్తే ఆ ఆవిరి పోయేదారి లేక, సీసపు ఫిరంగులను, లంగర్లను తెల్లటి పొడిగా మార్చేస్తుంది. దుమ్ము పడకూడదని నాలుగుపక్కలా సీలు వేసినవాళ్ల ఓడలకే ఈ జబ్బు ఎక్కువ. పెట్టె అడుగున గాలి ఆడటానికి చిన్న సందులు వదలాలి. ఫిరంగులు సీసంతో కాక ఇత్తడితో చేసినవి కొనుక్కుంటే ఇంకా మంచిది.

చెయ్యి తిరిగినవాళ్లలో కొందరు చివర్లో మరో పని చేస్తారు. ఓడను పీట మీద బిగించేముందు చిన్న కాగితం మీద రాసి అడుగున దాచిపెడతారు... ఏ చెక్క, ఏ రంగు, ఏ దారం, ఏ ఏడాది కట్టింది. ముళ్లకు వాడింది తెల్లజిగురో, లక్కో, వాటిని దేంతో తడిపితే వదులవుతాయో కూడా అందులో ఉంటుంది.